లంగరును వదిలేసి గూఢచారిని వెతికేవారికి

సముద్రం అడుగున ఎక్కడో ఇంటర్నెట్ కేబుల్ తెగుతుంది. "కారణం ఇంకా తెలియలేదు" అని కంపెనీ ఒక ముక్క ప్రకటిస్తుంది. సాయంత్రానికల్లా న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ శివారైన మా మనురేవాలో తీర్పు వెలువడుతుంది: ఎవరో కోశారు. కిరాణా కొట్లో బిల్లు కడుతూ ఇదే మాట, గుళ్లో ప్రసాదం అందుకుంటూ ఇదే మాట. కోసింది ఎవరన్న దగ్గరే అభిప్రాయభేదాలు. కొందరికి చైనా, కొందరికి రష్యా, మరీ తీరిగ్గా ఉన్నవాళ్లకు అమెరికా. ఇది మనురేవాకు మాత్రమే పట్టిన జబ్బయితే ఇంత సిరా ఖర్చు చేసేవాణ్ణి కాదు. హైదరాబాదు బంధువులూ ఇదే పాట, టీవీ విశ్లేషకులూ ఇదే పాట. సాఫ్ట్‌వేర్ మీద అన్నం తినేవాళ్లు కూడా గొంతు కలపడం చూస్తే విసుగు ఆగదు. ఎంతమంది నమ్మినా ఇది తప్పు. ఎందుకు తప్పో ముందు పెడతాను, తీర్పరులు మీరే.

ముందు ఆ "కారణం తెలియలేదు" సంగతి తేలుద్దాం. ఆ మాట ఎప్పుడు పుడుతుంది? కేబుల్ తెగిన కొద్ది గంటల్లో. అప్పటికి ఆ తెగిన చోటును కళ్లతో చూసినవాడు ఈ భూమ్మీద ఒక్కడూ ఉండడు. ఒడ్డున స్టేషన్‌లో కూర్చున్న ఇంజినీరు ఫైబర్‌లోకి కాంతి పంపుతాడు, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్క కట్టి ఫలానా దూరంలో తెగిందని చెబుతాడు. ఎలా తెగిందో ఆ కాంతి చెప్పదు. దానికి మరమ్మతు ఓడ రావాలి. అది వేరే సముద్రంలో వేరే పనిలో ఉండొచ్చు. వచ్చాక గాలీ వానా కనికరించాలి. గాలం దించి, అడుగున దేవులాడి, తెగిన కొసలను డెక్కు మీదికి లాగాలి. లంగరు ఈడిస్తే చితికిందా, రాతికి ఒరుసుకుని అరిగిందా, బురద మీద పడి నలిగిందా అన్నది అప్పుడు గానీ తేలదు. మొదటిరోజు మాటను పట్టుకుని ఆఖరిరోజు తీర్పు రాసేవాళ్లను ఏమనాలి? శవపరీక్షకు ముందే హంతకుడి పేరు చెప్పేవాడి సాక్ష్యం ఏ కోర్టు తీసుకుంటుంది?

ఇక లెక్కలు. లోతు సముద్రంలో ఈ కేబుల్ లావు మొక్కలకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టమంత. ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ ఉక్కు తీగల తొడుగులు చుడతారు, ఇసుకలో పూడుస్తారు. ఎందుకు? పడవలూ ఓడలూ తిరిగేది అక్కడే కాబట్టి. ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 చోట్ల కేబుళ్లు దెబ్బతింటున్నాయని, అందులో 70 నుంచి 80 శాతానికి చేపల వేట, ఓడల లంగర్లే కారణమని అంతర్జాతీయ కేబుల్ రక్షణ సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. అంటే వారానికి మూడో నాలుగో. మీరు వాటిలో ఎన్నింటి గురించి విన్నారు? వార్తకెక్కేది ఏడాదికి ఒకటో రెండో. ఆ ఒకటీ రెండింటికే శత్రుదేశపు గొడ్డలి తగిలిందనీ, మిగతావన్నీ సొరచేపల పాలబడ్డాయనీ అనుకోవాలా? (సొరచేపల కథకూ బలం లేదు. చేపల కాట్ల వాటా ఒక శాతంలో పదో వంతుకు కూడా రాదు. సొరచేప కేబుల్ కొరుకుతున్న పాత వీడియో చూసినవాళ్లు మాత్రం కోట్లు.)

న్యూజిలాండ్ ఎవరికి జడుస్తోందో తెలియాలంటే గూఢచారి నవలలు పక్కన పెట్టి చట్టం చదవాలి. సముద్రగర్భ కేబుళ్లను, పైపులైన్లను కాపాడటానికి 1996లో చేసిన చట్టం ఉంది. కొన్ని ప్రాంతాలు గీసి, అక్కడ వేటాడకూడదు, లంగరు వేయకూడదు అంటుంది. ఉత్తర, దక్షిణ దీవులను కలిపే కరెంటు కేబుళ్లున్న కుక్ జలసంధిలో పడవ మీదా, హెలికాప్టర్ మీదా గస్తీ తిరుగుతారు. ఆ గస్తీ దేనికోసం చూస్తుంది? వల దించే పడవల కోసం. కేబుల్ సొంతదారులు సొంత డబ్బు పోసి ఎవరి మీద కన్నేశారో వాళ్లే అసలు అనుమానితులని ఒప్పుకోవడానికి ఇంకేం కావాలి? ఆదివారాల్లో హార్బర్ బ్రిడ్జి దాటి టాకపూనా బీచికి వెళ్లి పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టే మన కుటుంబాల్లో ఎందరికి తెలుసు, 2000 నుంచి ఈ దేశాన్ని ప్రపంచంతో కలుపుతున్న సదరన్ క్రాస్ కేబుల్ ఒడ్డెక్కే చోట్లలో అదొకటని? అది తెలియదు గానీ దాన్ని ఎవరు కోయబోతున్నారో మాత్రం తెలుసు.

మనురేవాలో మన పక్కింటివాళ్లలో టోంగా వాళ్లు ఎందరో. వాళ్ల కథైనా వినండి. 2019 జనవరిలో టోంగాను ఫిజీ మీదుగా ప్రపంచంతో కలిపే ఏకైక కేబుల్ తెగింది. దాదాపు రెండు వారాలు ఆ దేశం అరకొర ఉపగ్రహ సంబంధంతో గడిపింది. ఎవరో కావాలని కోసి ఉంటారన్న మాట అప్పుడూ వచ్చింది. చివరికి వేలు చూపింది ఎటు? ఒక ట్యాంకర్ ఈడ్చుకుపోయిన లంగరు వైపు. మూడేళ్లకు, 2022 జనవరి 15న, హుంగా టోంగా అగ్నిపర్వతం పేలింది. అదే కేబుల్ మళ్లీ పోయింది, ఈసారి ఐదు వారాలు. దీవులను ఒకదానితో ఒకటి కలిపే కేబుల్ బాగవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ పేలుడు చప్పుడు న్యూజిలాండ్ దాకా వినబడింది కాబట్టి కుట్రవాదులు నోరు మెదపలేదు. చప్పుడు వినబడని లోతులో జరిగి ఉంటే? ఏ జలాంతర్గామి నెత్తిన ఆ పాపం రుద్దేవారో నేను చెప్పాలా?

ఇప్పుడు 2008కి రండి. ఇది మనవాళ్లు స్వయంగా అనుభవించింది, అయినా ఏమీ నేర్చుకోనిది. జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగాయి. దేశం బ్యాండ్‌విడ్త్‌లో సగానికి పైగా పోయిందని భారత ఇంటర్నెట్ సర్వీసు సంస్థల సంఘం చెప్పింది. హైదరాబాదు, బెంగళూరుల్లో కాల్ సెంటర్లూ బ్యాక్ ఆఫీసులూ తల పట్టుకున్నాయి. రెండు రోజులకు దుబాయి సమీపంలో మూడోది తెగింది. ఇంకేముంది? ఇరాన్‌ను ఇంటర్నెట్ నుంచి నరికేశారని, దాడికి రంగం సిద్ధమైందని ప్రపంచమంతా గోల. ఆ గోలలో ఒక చిన్న విషయం ఎవరికీ పట్టలేదు: ఇరాన్‌కు ఇంటర్నెట్ పోనే లేదు. దెబ్బ తిన్నది మనం. దుబాయి దగ్గర మరమ్మతుకు వెళ్లిన ఓడకు కేబుల్ పక్కన దొరికిందేమిటి? ఐదారు టన్నుల బరువున్న దిక్కులేని లంగరు. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూసి దుబాయిలో రెండు ఓడలను నిలిపేశారు. మరి అలెగ్జాండ్రియా? ఆ సమయంలో అటు ఏ ఓడా రాలేదని ఈజిప్టు ప్రభుత్వం ప్రకటించింది. కుట్రవాదులు ఇప్పటికీ ఆ ఒక్క ప్రకటనను గుండెకు హత్తుకుని తిరుగుతున్నారు. ఒక ప్రభుత్వం తన రేవు నిర్వహణలో లోపం లేదని చెప్పుకుంటే అది వేదవాక్కు ఎప్పుడైంది? మిగతా అన్ని విషయాల్లో ప్రభుత్వాల మాట నమ్మనివాళ్లు ఈ ఒక్క మాట దగ్గర ఎందుకింత భక్తి చూపుతున్నారు?

"వారంలో మూడు తెగాయి, ఇది కాకతాళీయమా?" అన్నది వాళ్ల బ్రహ్మాస్త్రం. అవును, కాకతాళీయమే కావచ్చు. ఏటా నూటయాభైకి పైగా జరిగేవి వరసగా క్యూ కట్టి రావు, కొన్నిసార్లు గుంపుగా పడతాయి. నమ్మకం కుదరకపోతే ఈ దేశంలోనే 2005 జూన్‌లో జరిగింది చూడండి. ఒకే రోజు న్యూజిలాండ్ టెలికాం వ్యవస్థ రెండు చోట్ల దెబ్బతింది. ఫోన్లు, ఇంటర్నెట్ పోయాయి, స్టాక్ ఎక్స్ఛేంజి మూతపడింది. ప్రధాన కేబుల్, దానికి ప్రత్యామ్నాయంగా ఉన్న రెండో కేబుల్, రెండూ ఒకే రోజున! ఇంతకంటే పకడ్బందీ దాడి ఉంటుందా? దర్యాప్తు చేస్తే ఒకచోట స్తంభం కోసం గుంత తవ్వుతున్న పనివాడు దొరికాడు, వెల్లింగ్టన్ దగ్గరి రిముటాకా కొండల్లో కేబుల్ కొరికిన ఎలుక దొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే మన భాషలో వెటకారం, ఇక్కడ అక్షరాలా దర్యాప్తు నివేదిక. గుంత తవ్వినవాడికీ ఎలుకకూ మధ్య ఒప్పందం ఏదైనా ఉంటే మన విశ్లేషకులే బయటపెట్టాలి.

సముద్రం కూడా తన పని తాను చేసుకుపోతుంది. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరంలో గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు పన్నెండు టెలిగ్రాఫ్ కేబుళ్లు తెగాయి. కొన్ని వెంటనే, మిగతావి పల్లం వైపు ఒకదాని తర్వాత ఒకటి, గంటల తేడాతో. అచ్చం ఎవరో కత్తి పట్టుకుని వరసగా నడిచి వెళ్లినట్టు. 1952లో హీజెన్, యూయింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ తెగిన వేళలనే లెక్కగా తీసుకుని, సముద్రపు వాలు మీద పరుగెత్తిన బురద ప్రవాహం వేగం కట్టారు. కారణం తెలియని తెగుడు ఒక కొత్త శాస్త్ర సత్యానికి ఆధారమైంది. మనదగ్గరైతే ఒక టీవీ చర్చకు ఆధారమయ్యేది. 2016 నవంబరులో కైకౌరా భూకంపం తర్వాత అలాంటి ప్రవాహమే ఈ దేశపు తీరం వెంట 680 కిలోమీటర్లకు పైగా సాగింది. ఇవి ఏ విదేశీ నౌకాదళం చేతిలోనూ లేవు.

ఇక ప్రతివాది దగ్గర ఉన్న గట్టి వాదం. దాన్ని దాచడం నా పద్ధతి కాదు. తైవాన్ సంగతేమిటి, బాల్టిక్ సంగతేమిటి? అడగవలసిన ప్రశ్నే. 2025 ఫిబ్రవరిలో తైవాన్‌కూ పెంఘు దీవులకూ మధ్య కేబుల్ తెంపిన హాంగ్ తాయ్ 58 అనే ఓడను తీర రక్షక దళం వెంటాడి పట్టుకుంది. దాని చైనా కెప్టెన్‌కు జూన్‌లో తైవాన్ కోర్టు మూడేళ్ల జైలు వేసింది. కావాలని చేసిన పని అని కోర్టు తేల్చింది, నేనూ తలవంచుతాను. ఎందుకు? ఓడ చేతికి చిక్కింది, అది తిరిగిన దారి రికార్డయింది, నిందితుడు బోనులో నిలబడ్డాడు. అది రుజువు. అదే ఏడాది జనవరిలో లాత్వియా, స్వీడన్‌ల మధ్య కేబుల్ తెగితే స్వీడన్ అధికారులు వెజెన్ అనే ఓడను పట్టుకున్నారు. యూరప్‌లో కొందరు అప్పటికే రష్యా మీద తీర్పు రాసేశారు. వారం తిరిగేసరికి ప్రాసిక్యూటర్ ఏమన్నాడు? తుపాను గాలి, పరికరాల్లో లోపం, ఓడ నడపడంలో చేతకానితనం, కుట్ర లేదు అన్నాడు. ఆ తీర్పులు రాసినవాళ్లలో ఎందరు క్షమాపణ రాశారు?

ఎర్ర సముద్రంలో 2024 ఫిబ్రవరి సంగతి మరీ చిత్రం. యెమెన్‌కు చెందిన హౌతీలు కేబుళ్లు కోశారని గోల. హౌతీలు నిజంగా క్షిపణి కొట్టారు, రూబీమార్ అనే సరుకు ఓడ మీద. సిబ్బంది లంగరు దించి ఓడను వదిలి పారిపోయారు. నీరెక్కిన ఆ ఓడ కొట్టుకుపోతూ లంగరును అడుగున ఈడ్చుకెళ్లింది. మూడు కేబుళ్లు తెగడానికి ఆ లంగరే కారణమని అమెరికా అధికారులు చెప్పారు. యుద్ధం నడిచేచోట కూడా, కేబుల్ కోయమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే, లంగరు తన పని కానిచ్చేసింది.

"ప్రమాదంలా కనిపించేట్టు చేశారు, అందుకే రుజువు దొరకదు" అంటారా? అయితే మీతో వాదం అనవసరం. రుజువు దొరికితే కుట్ర, దొరకకపోతే ఇంకా తెలివైన కుట్ర అనే సిద్ధాంతాన్ని ఏ వాస్తవమూ ఓడించలేదు. ఓడించలేనిదల్లా నిజమైపోదు.

ఎవరేం నమ్మితే నీకేమని అడగొచ్చు. నష్టముంది కాబట్టే ఈ ఖండన. అంతర్జాతీయ డేటాలో 95 శాతానికి పైగా ఈ కేబుళ్ల మీదే నడుస్తుంది. ఆకాశంలోని ఉపగ్రహాలే అన్నీ మోస్తున్నాయనుకోవడం ఇంకో పామర భ్రమ. ఇన్ని తెగినా లోకం ఆగిపోనిది రెండో దారి ఉండబట్టి. టోంగాకు ఆ దారి లేకపోయింది. గూఢచారి కథ రెండో దారిని అడగనివ్వదు, మరమ్మతు ఓడను అడగనివ్వదు, యుద్ధనౌకను మాత్రమే అడుగుతుంది. ఇంకో అన్యాయం కూడా చేస్తుంది: అజాగ్రత్తగా నడిపే ఓడ యజమానిని చాటుకు తప్పిస్తుంది. 2024 క్రిస్మస్ నాడు ఫిన్‌లాండ్ దగ్గర ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ సుమారు 90 కిలోమీటర్లు లంగరు ఈడ్చి ఒక కరెంటు కేబుల్‌నూ, నాలుగు టెలికాం కేబుళ్లనూ తెంపింది. 2025 అక్టోబరులో హెల్సింకీ కోర్టు ఏమంది? ఇది మా ప్రాదేశిక జలాలు దాటి జరిగింది, విచారించే అధికారం మాకు లేదంది. కావాలని చేసినా, కళ్లు మూసుకుని చేసినా, పరాయి జెండా ఓడను బయటి సముద్రంలో ఎవరు శిక్షించాలో తేల్చే చట్టం ఇంత బలహీనంగా ఉంది. టీవీ చర్చల్లో ఈ మాట ఎత్తినవాడిని ఒక్కణ్ణి చూపించండి.

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఊళ్లకూ వస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని, అక్కడ సముద్రగర్భ కేబుళ్లకు కొత్త ద్వారం తెరుస్తానని ప్రకటించింది. మరమ్మతుకు విదేశీ ఓడల మీద ఆధారపడుతున్నామని భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే చెప్పింది. రేపు విశాఖ ముందు కేబుల్ తెగితే మనురేవాలో ఏ పేరు వినబడుతుందో నాకు తెలుసు. బీజింగ్ పేరే. తెంపేది బహుశా వేట నిషేధం ముగిసిన జూన్ మధ్యలో హడావుడిగా బయల్దేరిన ఏదో మరబోటు వల అయి ఉంటుంది. కేబుళ్లు ఏ దారిన వస్తాయో చూపే పటం ఆ జాలర్ల చేతికి ఎవరిస్తారు? కేబుల్‌ను కాపాడటానికి తన వలనో లంగరునో కోసి వదులుకున్నవాడికి కేబుల్ సొంతదారు పరిహారం చెల్లించాలని 1884 పారిస్ ఒప్పందం చెప్పింది, 1982 సముద్ర చట్ట ఒప్పందం 115వ అధికరణం మళ్లీ చెప్పింది. ఆ సంగతి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎందరు బోటు యజమానులకు ఎవరు చెప్పారు?