ఒకే తేదీ, రెండు దరఖాస్తులు

పెద్దవాడి పుస్తకాలు చిన్నవాడికి పనికొస్తాయన్న ఆశ కవలలున్న యింట్లో వుండదు. బడిలో చేరిననాటినుంచీ అన్నీ రెండేసి కొనవలసిందే. అంతవరకూ తల్లిదండ్రులు ఎలాగో నెట్టుకొస్తారు. అసలు చిక్కు ఇంటర్మీడియెట్ పూర్తయ్యాక వస్తుంది.

మా ఛత్రినాక వేపు యీ చిక్కు బోనాల రోజుల్లో బయటపడుతుంది. లాల్ దర్వాజా అమ్మవారి జాతరకు వీధులు ముస్తాబయ్యే వేళకే ఎప్‌సెట్ కౌన్సెలింగూ నడుస్తూ వుంటుంది. కాలేజీల జాబితా పట్టుకుని నా దగ్గరకు వచ్చే తండ్రులున్నారు. తెలుగు చెప్పేవాడికి ఇంజనీరింగు సంగతేం తెలుసునని వారు సందేహించరు. కాలేజీ మేష్టరైతే చాలు! “సారూ, ఇద్దరూ ఒక్క కాలేజీల పడేటట్టు జూడుండ్రి” అంటారు.

అది ఎవరి తరమూ కాదు. హాల్‌టికెట్లు రెండు, ర్యాంకులు రెండు, ఆప్షన్ల జాబితాలు రెండు. వీరిద్దరూ ఒక తల్లి బిడ్డలన్న సంగతి కంప్యూటరుకు పట్టదు. మార్కులు సమానమైతే ముందు లెక్కల మార్కులూ, తర్వాత ఫిజిక్సు మార్కులూ చూస్తారు. అన్నీ సరిపోతే చివరికి వయస్సులో పెద్దవారికి ముందు ర్యాంకు. కవలల దగ్గర ఆ ఉపాయమూ పారదు సుమా! సర్టిఫికెట్టులో తేదీ వుంటుంది గాని గడియ వుండదు గదా.

ర్యాంకులు పక్కపక్కనే వున్నా డబ్బు లెక్కలో ఎడం రావచ్చు. తెలంగాణలో ఆదాయపరిమితికి లోబడిన వెనుకబడిన తరగతుల పిల్లలకు సాధారణంగా ర్యాంకు 10,000 లోపు వుంటే పూర్తి ఫీజు ప్రభుత్వం యిస్తుంది. దాటితే 35,000 రూపాయలవరకే. ఒకరికి 9,900, మరొకరికి 10,100 వచ్చిందనుకోండి. ఏటా లక్ష ఫీజు వున్న కాలేజీలో మొదటివారికి చేతి డబ్బు అక్కరలేదు. రెండోవారికి ఏటా 65,000 చొప్పున నాలుగేళ్లు కట్టాలి. అంచేత ఇద్దరినీ చవక కాలేజీలోనే వేద్దామంటాడు తండ్రి. సమన్యాయం అనుకుంటాడు. పూర్తి ఫీజు సంపాదించుకున్న బిడ్డకు అది న్యాయమేనా?

ఆ బిడ్డ ఆడపిల్ల అయితే మరీ కష్టం. 2018 నుంచి ఐ.ఐ.టీ.లలో ఆడపిల్లలకోసం అదనపు సీట్లు పెట్టారు. వున్నవి తగ్గించి కాదు, వాటిపైన. అంచేత అన్నకు అందని సీటు అదే ర్యాంకుతో చెల్లెలికి అందవచ్చు. అప్పుడు యింట్లో లేచే మాట, “తోడు వాడు లేనప్పుడు ఒక్కతే అంతదూరం ఎట్ల పోతది?” సీటు అబ్బాయికే వచ్చి వుంటే యీ ప్రశ్న పుట్టదు, గమనించారా? చివరికి ఆ పిల్ల వాడికి దొరికిన కాలేజీలోనే చేరుతుంది. దీన్ని అనురాగం అనడానికి నాకు నోరు రాదు.

విడిపోయి బాగుపడిన కవలలు తెలుగుగడ్డమీదే పుట్టారు. 1887లో కర్నూలులో పుట్టిన ఆర్కాటు రామస్వామి, లక్ష్మణస్వామి మొదలియార్ల మాట చెబుతున్నాను. తమిళ కుటుంబమే గాని చిన్ననాటి చదువు కర్నూలులోనే సాగింది. తర్వాత ఇద్దరూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. అక్కడితో దారులు చీలాయి. రామస్వామిగారు న్యాయశాస్త్రం పట్టారు. 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సాంఘిక మండలికి తొలి అధ్యక్షులై, ఆపైన మైసూరు దివానయ్యారు. లక్ష్మణస్వామిగారు ప్రసూతి వైద్యంలో పేరు పొందారు. 1942 నుంచి 1969 వరకూ మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరు ఆయనే. ‘సర్’ బిరుదు మాత్రం ఇద్దరికీ వచ్చింది. నువ్వు ఎక్కడో నేనూ అక్కడే అని కూర్చుని వుంటే దేశానికి ఒక డాక్టరో ఒక దివానో తగ్గి వుండేవారు.

ఆప్షన్లు పెట్టేముందు ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, చెరో కాగితం యివ్వండి. రెండోవారు ఏం రాశారో చూడకుండా ఎవరి జాబితా వారు రాసుకోవాలి. గడువు ముగిసేదాకా క్రమం మార్చుకోవచ్చు గనుక తొందరేమీ లేదు. రెండు కాగితాలమీదా మొదటి పేరు ఒకటే అయితే సంతోషం. కాకపోతే ఏ కాగితాన్నీ దిద్దబోకండి.