ఎగుమతికి పరీక్ష, మనకు నమ్మకమా?

కిడ్నీల రాయి ఉన్నదంటే మా దిక్కు కొండపిండాకు వండుకొమ్మంటరు, పల్లేరుకాయల కషాయం తాగుమంటరు. ఆకును నేను తప్పువట్ట. నా లొల్లి డబ్బాలల్ల వచ్చే పొడులతోనే. చెట్టు వేరు భూమిలున్న సీసం, కాడ్మియం గుంజుకుంటది. కొన్ని మందులల్లనైతే పాదరసం భస్మం చేసి కావాలనే కలుపుతరు. ఇంటర్నెట్ల అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్ష చేస్తే అయిదింట్ల ఒకదాంట్ల సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికిందని 2008ల అమెరికా పరిశోధన చెప్పింది. 2022ల డాక్టర్లు ఇంకో ముచ్చట రాసిన్రు: పాదరసమున్న నాటు మందులు తిన్న కొందరికి కిడ్నీల వడపోసే జాలీ దెబ్బతిని మూత్రంల ప్రొటీన్ పోతున్నదని.

మనకు లెక్కలు లేవా అంటే ఉన్నయి. పది లక్షల పాళ్లల్ల సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటొద్దు. 2006 జనవరి నుంచి ఎగుమతయ్యే మూలికల మందులకు ఈ పరీక్ష తప్పనిసరి చేసిన్రు. ఆ హుకుంల మన బజారును మాత్రం పెట్టలే!

ఈ పొడులు తాగేది ఎవరు? కిడ్నీ సగం చెడ్డోళ్లే. బయటికి పంపే కిడ్నీయే అలిసిపోతే ఆ లోహం ఎటు పోతది? ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఎంతో రాస్తున్నరు గదా. గట్లనే ప్రతి బ్యాచ్ ల్యాబ్ లెక్క డబ్బా మీద తెలుగుల అచ్చెయ్యాలె.