దృఢత్వమును దౌర్జన్యమును

1946 నవంబరు 8వ తేదీన కెనడా దేశపు నోవా స్కోషియా రాష్ట్రములోని న్యూ గ్లాస్గో పట్టణమున, రోజ్‌లాండ్ సినిమాహాలులో తెల్లవారికై ఆచారముగా కేటాయింపబడిన క్రింది అంతస్తులో కూర్చుండిన వయోలా డెస్మండ్ అను నల్లజాతి వనిత, టిక్కెట్టు ధరలోని వ్యత్యాసమును తానే చెల్లింతునని చెప్పి, లేచిపొమ్మన్నను కదలక నిశ్చలముగా కూర్చుండెను. ఆమెను బలవంతముగా ఈడ్చుకొనిపోయి, రాత్రియంతయు చెఱలో నుంచి, ఒక్క సెంటు పన్ను తక్కువ కట్టెనన్న నెపమున జరిమానా విధించిరి. 2010లో ఆ రాష్ట్ర ప్రభుత్వము క్షమాపణ చెప్పినది. 2018 నుండి ఆమె చిత్రము పది డాలర్ల నోటుపై వెలయుచున్నది.

ఆమె చూపినది దృఢత్వము; ఆమెపై జరిగినది దౌర్జన్యము. తన హక్కును స్పష్టముగా పలుకుచు ఎదుటివాని గౌరవమునకు లోపము రానీయనిది దృఢత్వము. తన మాట నెగ్గుటకై పరుని చిన్నబుచ్చునది దౌర్జన్యము. కంఠధ్వనినిబట్టి గాక, ఎదుటివానికి జరుగు న్యాయాన్యాయములనుబట్టియే ఈ భేదము నెఱుగవలెను. పెద్దల యెదుట మౌనమే వినయమని పెరిగి, ఈ దేశపు కార్యాలయములలో అన్యాయమును చిరకాలము సహించి, తుదకు ఇంటివారిపై విరుచుకుపడు మన తెలుగు సోదరులకు ఈ వివేకము అత్యావశ్యకము.

అందులకే ఈ సంచికను ఈ విషయమునకు అంకితము చేసితిమి. పాఠకులు నిర్భయముగా, సౌమ్యముగా తమ మాట తాము చెప్పుకొనగలుగుదురుగాక!

— సంపాదకుడు