అభిమానుల రక్తదానము

సినిమా నటుని జన్మదినము వచ్చినదనఁగా మా కొత్తవలస వంటి యూళ్ల కూడళ్లలో ఫ్లెక్సీలు లేచును, కేకులు కోయుదురు, టపాకాయలు ప్రేలును. ఆ సందడి నడుమనే యొక గదిలో నాలుగు మంచములు వేసి అభిమానులు రక్తదానము చేయుదురు. ఇది చూచి మన విద్యావంతులు పెదవి విఱుతురు. హీరో కొఱకు రక్తమిచ్చువాఁడు దాత యెట్లగునని యడుగుదురు. నేను వారి పక్షమున లేను. అయినను అభిమానులు చేయునదంతయు సరియేయని యనఁజాలను. ఇరువురకును చెప్పవలసిన మాట కలదు.

మొదట నవ్వువారితో. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెన ముంచినపుడు నందమూరి తారక రామారావుగారును, అక్కినేని నాగేశ్వరరావుగారును జనులలోనికి పోయి విరాళములు పోగుచేసిరి. వారి ముఖములు చూడవచ్చిన జనమే ఆ రూపాయలిచ్చినది. సుప్రీంకోర్టు 1996లో నిచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తము నమ్ముకొనుట మన దేశమున నిషిద్ధమయ్యెను. అమ్మువారు తొలఁగిన చోట ఊరక యిచ్చువారు కావలసివచ్చిరి. ఆ యేఁడే అక్టోబరు 2వ తేదీని చిరంజీవిగారి పేర హైదరాబాదున ధర్మసంస్థ వెలసెను. దాని రక్తనిధికి అండయై నిలిచినవారు ఆయన యభిమానులే. అప్పుడు మనలో నెందఱము సూదికి చేయి చాఁచితిమి?

ఇఁక అభిమానులతో. భగవద్గీత పదునేడవ యధ్యాయమున దానము మూఁడు విధములని చెప్పఁబడినది. తగిన చోట, తగిన వేళ, తగినవానికి, ప్రతిఫలము గోరక యిచ్చినది సాత్త్వికము. ఫలము నాశించి యిచ్చినది రాజసము. మీరిచ్చు వస్తువు తగినదే, పుచ్చుకొనువాఁడును తగినవాఁడే. వేళ మాత్రము తగినది కాదు.

లెక్క చూడుఁడు. చల్లని పెట్టెలో నెంత జాగ్రత్తగ నుంచినను ఎఱ్ఱకణములు 42 దినములకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు 5 దినములే. ఒకమాఱు ఇచ్చిన పురుషుఁడు 90 దినములు, స్త్రీ 120 దినములు గడువక మరల నీయరాదు. ఆగస్టు 22 చిరంజీవిగారి జన్మదినము. ఆనాఁడు ఊరి యువకులందఱు నిచ్చిరనుకొందము. ఆ రక్తమునకు అక్టోబరు 3తో కాలము చెల్లును. ఆ యువకులు నవంబరు 20 దాఁక మరల నీయఁజాలరు. ఈ నడిమి 48 దినములలో కాన్పు కష్టమైన తల్లికి గతి యేది? రెండు మూఁడు వారముల కొకమాఱు రక్తమెక్కింపవలసిన తలసేమియా బిడ్డకు హీరో పుట్టినదినముతో నేమి పని?

ఈ మాట పుస్తకము చూచి చెప్పుట లేదు. గడచిన యేఁడు అక్టోబరున నా పూర్వవిద్యార్థి యొకని భార్యకు విశాఖపట్టణమున కాన్పు సమయమున రక్తము చాల పోయెను. అతఁడు అభిమాన సంఘములో ముఖ్యుఁడు. ఫోనులో మిత్రులనందఱ వేఁడెను. “అన్నా, మొన్న పుట్టినరోజుకే ఇచ్చేశాం” అని యందఱును బదులిచ్చిరి. తుదకు అర్ధరాత్రి నాకు ఫోను చేసి, “మాస్టారూ, మీరు రాగలరా?” అని యేడ్చెను. నలువదిమూఁడేండ్ల వయసున నేను మొదటిసారి రక్తమిచ్చినది ఆ రాత్రియే. పదునెనిమిదేండ్లకే మొదలిడిన నా శిష్యులకంటె ఎంత వెనుకబడితినో ఆ మంచముపై బరుండి తెలిసికొని సిగ్గుపడితిని.

కావున సంఘములవారికి నా విన్నపము. అరువదిమంది గల సంఘము నాలుగు జట్లుగ నేర్పడి నెలకొక జట్టు చొప్పున నిచ్చినచో, ఏ నెలయందును పదునైదుగురు దాతలు సిద్ధముగ నుందురు. నాలుగు నెలల యెడము స్త్రీలకును చాలును. ఎదుటి హీరో సంఘముకంటె నెక్కుడు సంచులు నింపితిమను పందెమును మానుఁడు. బియ్యము పుచ్చుకొను ముదుసలి ముఖమును ఫ్లెక్సీ ప్రక్కన నిలిపి ఫోనులలో త్రిప్పకుఁడు. అది దానము కాదు, వెల కట్టి కొనుట. పోగుచేసిన ప్రతి రూపాయికిని లెక్క వ్రాసి చందాదారులందఱకు చూపుఁడు. దీనివలన మీ హీరో కీర్తికి లోటు రాదు.

గృహస్థులారా, తల్లులారా! మీ యింటి పిల్లవాఁడు శిబిరమునకు పోయెదనన్నపుడు నవ్వకుఁడు. “మరల ఏ నెలలో నిత్తువు?” అని యడుగుఁడు. అడిగి యూరకుండక, ఆరోగ్యము కలవారు వానివెంట పోయి ప్రక్క మంచముపై బరుండుఁడు.