ఎడారిలో మనమే యతిథులము



శీతకాలపు సెలవులలో బిడ్డలను వెంటబెట్టుకొని జైసల్మేరునకు పోయి, ఇసుకతిన్నెల చెంత డేరాలలో రెండు రాత్రులు గడపి వచ్చుట యిటీవల మన తెలుగు కుటుంబములలోను వాడుకయైనది. "అచ్చట మృగభయ మెట్టిది? పిల్లలతో పోవచ్చునా?" యని మమ్మడిగిన సోదరీమణులు కొందరు కలరు. గత శీతకాలమున మేమును సకుటుంబముగ పోయి వచ్చితిమి గనుక, కన్నులార చూచినదియు, చదివి తెలిసికొన్నదియు గలిపి యిచ్చట విన్నవించుచున్నాము.

థార్ ఎడారిలో పులి సింహములు లేవు. అచ్చటి మృగములలో పెక్కు మనుష్యుని చూచి తొలగిపోవునవియే. వానివలన మనకు గాని, మనవలన వానికి గాని కీడు గలుగకుండుట మూడు విషయములపై నాధారపడి యున్నది: దీపము, భోజనము, పడక. ఈ మూడును ఇంటను మన బాధ్యతలే. ఎడారియందును మన బాధ్యతలే.

మన కావ్యములలో ఎండమావికి మృగతృష్ణ యని పేరు. దప్పిగొన్న లేడి, నీరని భ్రమించి యిసుకమీది మెరపు వెంట పరుగెత్తునని కవులు వర్ణించిరి. కాని థార్‌లోని చింకారా యను చిన్నలేడి యంత యమాయకురాలు గాదు. ఎత్తు రెండడుగులకు కొంచె మెక్కువ. బరువు సుమారు 20 కిలోలు. ఆకులలోని తేమతోను, తెల్లవారుజామున పడు మంచుతోను దాహము దీర్చుకొని, నీరు త్రాగకయే చాలకాలము బ్రదుకగలదు. పగటి యెండలో పొదల నీడను నిలిచి, ప్రొద్దు గ్రుంకు వేళకు మేతకు వెడలును. కావుననే దానికిని మోటారు బండికిని సమాగమము తరచుగ చీకటివేళ రోడ్డుమీదనే కలుగుచుండును.

మేము ఖూరీ గ్రామమునుండి జైసల్మేరునకు తిరిగివచ్చుచుండగా, మోటారు దీపముల వెలుగులో రెండు కన్నులు తళుక్కుమన్నవి. చింకారా రోడ్డు నడుమ నిలిచిపోయినది. వెలుగు కన్నులలో పడిన మృగము కదలలేక నిలిచిపోవుట కలదు. దానికి దారి తెలియదు. మా బండి నడపుచున్న వృద్ధుడు మెల్లగ బండి నాపి, దీపముల కాంతిని క్రిందికి దించెను. హారను మ్రోయింపలేదు. లేడి యొక్క గంతులో రోడ్డు దాటెను. "ఇక పోవచ్చును గదా" యని మావారనగా, ఆతడు హిందీలో "మాస్టరుజీ, తల్లి దాటినది, బిడ్డ యింకను దాటలేదు" అని చీకటివైపు చూపెను. వెనుక వచ్చిన కారువారు విసుగుకొని హారను కొట్టి, మమ్ము దాటిపోవ జూచిరి. వృద్ధుడు చేయి బయటికి చాచి వారి నాపెను. మా చిన్నది మా కొంగు పట్టుకొని యూపిరి బిగబట్టినది. కొంతసేపటికి మేకపిల్లంత జింకపిల్ల తడబడుచు రోడ్డెక్కి, క్షణకాలము మావైపు చూచి, అవతలి పొదలలో గలసిపోయెను. శాకుంతలమున దుష్యంతుడు రథముపై లేడిని తరుముకొని పోవగా తాపసులు వచ్చి వారింపవలసి వచ్చినది. ఇచ్చట సారథియే తాపసి యయ్యెను.

కావున ఎడారి రోడ్లపై రాత్రి ప్రయాణము మానుట మేలు. తప్పనిసరియైనచో బండి మెల్లగ నడపవలెను. ఒక లేడి దాటినప్పుడు వెనుక మరియొకటి కలదని యెంచి నిలువవలెను. ఒంటెలు సైతము చీకటిలో రోడ్డుపై నిలిచియుండును. వాని కాళ్లు పొడవగుటచే, బండి ఢీకొన్నచో ఆ భారమైన దేహము ముందు అద్దముపై పడును, లోనివారికి ప్రాణాపాయము.

పగటివేళ వేరొక జాగ్రత్త కలదు. ఇసుకపై ఎచ్చటబడిన నచ్చట బండి తోలుట పిల్లలకు వేడుకగ నుండును. కాని జైసల్మేరు, బాడ్‌మేరు జిల్లాలలో సుమారు 3,162 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఎడారి జాతీయవనము బట్టమేకపక్షికి మిగిలిన కడపటి యిండ్లలో ముఖ్యమైనది. ఆ పక్షి గూడు కట్టదు. వట్టినేలపై సాధారణముగ నొక్కటే గ్రుడ్డు పెట్టును. దారి విడిచిన చక్రము క్రింద నేమి నలిగినదో లోనివారికి తెలియనైనను తెలియదు. ఈ పక్షి యెదుటనున్న విద్యుత్తు తీగెలను దూరమునుండి కనిపెట్టలేదు. దగ్గరకు వచ్చినపిదప ఆ భారమైన దేహమును చటుక్కున మరల్చుకొనలేదు. తీగెలకు తగిలి చచ్చుచున్నది. మన సీమకును ఇది పరాయిది గాదు. దీనికొరకే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడు వద్ద అభయారణ్య మేర్పడినది. ఆ ప్రదేశ మిప్పుడు నంద్యాల జిల్లాలోనిది. అచ్చట నేడీ పక్షి దర్శన మరుదైపోయినది. రాజస్థానములో 2019లో సమ్ గ్రామము వద్ద దీని గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు కేంద్రమును నెలకొల్పిరి. ఒక్క గ్రుడ్డున కెంత విలువయో దీనినిబట్టి గ్రహింపుడు.

ఇక భోజనము. డేరా వెలుపల విడిచిన ఎంగిలికి మొదట ఎడారినక్క వచ్చును. మన గుంటనక్కకు తోకకొన నలుపు, దీనికి తెలుపు. చూచుటకు ముద్దుగ నుండుటచే పిల్లలు రొట్టెముక్క విసరుదురు. చేతి తిండికి మరగిన నక్క మనుష్యుని భయమును విడిచి డేరాలో జొరబడును. కరచినచో పిచ్చికుక్క కాటునకు వేయు సూదులే వేయింపవలసి వచ్చును. నక్క వెనుక ఊరకుక్కలు చేరును. ఆ కుక్కలే పిదప చింకారా పిల్లలను తరుమును, నేలమీది గ్రుడ్లను తినును. కావున మిగిలిన యన్నము, తొక్కలు, కాగితములు మూటగట్టి తిరిగి ఊరికి దెచ్చుటయే ధర్మము. మేమొక మూతగల డబ్బాను ప్రత్యేకముగ నిందుకే యుంచితిమి.

మూడవది పడక. ఎడారి పల్లెలలో పీవణా యను పామును గూర్చి యొక కథ కలదు. అది నిద్రించువారి రొమ్ముపై నెక్కి యూపిరిని త్రాగివేయునట. తెల్లవారునప్పటికి మనిషి మరణించి యుండునట. పాము ఊపిరిని త్రాగదు. కాని కథయని నవ్వి త్రోసివేయరాదు. ఆ ప్రాంతపు కట్లపాము రాత్రులందు సంచరించి, నేలపై పరున్నవారిని కరచును. కాటు నొప్పి లేకపోవచ్చును, గాటు కానరాకపోవచ్చును. విషము నరములను పట్టుకొనగా కనురెప్పలు వాలును, మాట తడబడును, తుదకు ఊపిరి నిలిచిపోవును. పల్లెవారు చూచినది నిజమే. కారణము మాత్రము వేరు. మన తెలుగునాటి కట్లపాము నడవడియు నిట్టిదే.

చలికాలమున పాములు మందగించి యుండును. వేసవిలోను, వానలు పడిన పిదపను మిక్కిలి జాగ్రత్త వలయును. ఏ కాలమునను బిడ్డలను ఇసుకపై నిద్రింపనీయక మంచముపై పరుండబెట్టి, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపవలెను. చీకటిలో టార్చిలైటు లేక, చెప్పులు లేక అడుగు పెట్టరాదు. ఉదయమున చెప్పులు దులిపి తొడుగవలెను. పాము కరచెనని యనుమానము గలిగినచో గాటు కోయరాదు, రక్తము పీల్చరాదు, బిగించి కట్టరాదు. మనిషిని కదలనీయక తక్షణమే ఆసుపత్రికి చేర్చి విరుగుడు మందు ఇప్పింపవలెను. మంత్రగాని యింట గడచిన గంట తిరిగి రాదు.

ఆ మరుభూమిలో మృగములతో మెలగుట యెట్లో బిష్ణోయి స్త్రీలను చూచి నేర్వవలెను. వారి గురువు జాంభోజీ 1485లో విధించిన ఇరువది తొమ్మిది నియమములలో జీవదయయు, పచ్చనిచెట్టు నరుకకుండుటయు గలవు. 1730లో జోధపురము చేరువ ఖేజడ్లీ గ్రామమున రాజభటులు చెట్లు నరుక వచ్చినప్పుడు అమృతాదేవి చెట్టును కౌగిలించుకొని ప్రాణ మర్పించినది. ఆమెతో కలసి 363 మంది బలియైరి. ఆ చెట్టు మరేమియు గాదు, విజయదశమినాడు మనము పూజించు జమ్మియే. తల్లిలేని జింకపిల్లలకు తమ పాలిచ్చి పెంచిన తల్లులు ఆ కులమున నేటికిని కలరు.

అంతటి త్యాగము మనవలన గాకపోవచ్చును. రెండు రాత్రులకు పోవు అతిథులము. దీపము దించి, ఎంగిలి మూటగట్టి, పడక చక్కజేసికొన్నచో అతిథిధర్మము నెరవేరినట్లే. పోయివచ్చిన సోదరీమణులు తాము చూచిన మృగములను గూర్చి వ్రాసి పంపినచో, రాబోవు మాసమున సంతోషముతో ముచ్చటింతుము.