మునిగినా లేచే స్వర్ణ

కోనసీమలో సార్వా నాట్లు పడ్డాక రైతు చూపు మురుగు కాల్వ మీదే. డ్రెయిన్లు ఎగదన్నితే చేను మునిగినట్టే. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించింది ఊరికే కాదు.

గోదావరి పాయ వశిష్టకు అవతలి మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ (ఎంటీయూ 7029) రకాన్ని ఇచ్చింది. దిగుబడిలో మేటి, ముంపులో మాత్రం డీలా. ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఎ రకంలో సబ్1ఎ అనే జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించి 2006లో ప్రకటించారు. నీట మునిగినప్పుడు ఇది మొక్కను ఏపుగా సాగనివ్వదు. పిండిపదార్థం ఖర్చు కాకుండా ఆపుతుంది. నీరు తీశాక చేను మళ్లీ పచ్చబడుతుంది. డీఎన్ఏ గుర్తుల సాయంతో, మామూలు సంకరంతోనే ఆ జన్యువును స్వర్ణలోకి ఎక్కించారు. 2009లో విడుదలైన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది.

కోతల ముందు తుపానుకు ఒరిగి, చేలోనే మొలకెత్తే కంకులకు మాత్రం ఈ జన్యువు అక్కరకు రాదు. అందుకే ఈ సంచిక విత్తనంతో పాటు కాల్వల పూడిక గురించీ అడుగుతోంది.