పాత పికప్పు ఎంత తాగుతోంది?

చెన్నై నుంచి 1,190 కిలోమీటర్లు, కలకత్తా నుంచి 1,255, విశాఖపట్నం నుంచి సుమారు 1,200. అండమాన్ దీవులకు పోయే ఓడలు దాటవలసిన దూరాలివి. బియ్యం బస్తా, సిమెంటు మూట, మందుబిళ్ళ ఎలా వస్తాయో డీజిలు కూడా అలాగే సముద్రం దాటి వస్తుంది. బండ్లకే గాదు, ఇళ్ళలో దీపాలు వెలగడానికి కూడా ఆ డీజిలే కావాలి. దీవుల విద్యుత్తులో అధికభాగం నేటికీ జనరేటర్ల నుంచే వస్తున్నది.

ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన డీజిలు అక్కడ ఖరీదైన వస్తువై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. విచిత్రమేమంటే, అది కేంద్రపాలిత ప్రాంతం కావడం వల్ల పన్ను స్వల్పం. 2022 నుంచి కొన్నేళ్ళపాటు లీటరు డీజిలు హైదరాబాదులో కన్నా పోర్ట్‌బ్లెయిర్‌లోనే బాగా చౌక. (2024లో ఆ నగరానికి శ్రీ విజయపురమని పేరు మార్చారు, వాడుకలో పాత పేరు ఇంకా పోలేదు.) చౌకగా దొరికే సరకుకు ఎవరూ లెక్క రాయరు. పాత బండి దుబారా అంతా ఆ రాయని లెక్కలోనే దాక్కుని ఉంటుంది.

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ గ్రామాన్నే తీసుకుందాం. చుట్టూ పచ్చని గుట్టలు, వాటి నడుమ కొబ్బరి, పోక తోటలు, కూరగాయల మడులు. పండినది పట్నం చేరితే గాని డబ్బు కాదు. చేర్చేది పికప్పు బండి. కొత్త బండి కొనాలంటే అదీ ఓడలోనే రావాలి, విడిభాగాలూ అంతే. అందువల్ల పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి బండిని ఎలాగో ఒకలాగు నడుపుకోవడం అక్కడివారికి పిసినారితనం కాదు, అవసరం. వంకాయల బుట్టకు బజారులో ఎంత వస్తుందో రైతు చేతిలో లేదు. బండి దారిలో ఎంత తాగుతుందో మాత్రం చాలావరకు అతని చేతిలోనే, నిజానికి అతని కాలిలోనే ఉంది.

ముందుగా కావలసినది రెండు రూపాయల పెన్సిలు, ఒక నోటుపుస్తకం. “నా బండి పది ఇస్తుంది” అనే చోదకుణ్ణి ఆ పది ఎక్కడిదని అడిగితే, తరచుగా అది బండి కొన్ననాడు ఎవరో చెప్పిన మాటే అయి ఉంటుంది. సరైన పద్ధతి ఒక్కటే. ట్యాంకు నిండా పోయించి, మీటరులోని కిలోమీటర్లు రాసుకోవాలి. కొన్ని రోజులు మామూలుగా తిప్పి, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్ళీ నిండా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు సంఖ్య. ఒక్కసారి చాలదు, నాలుగు ట్యాంకుల సగటు తీసుకోవాలి. వర్షం, బరువు, దారి ఒక్కొక్క వారం ఒక్కొక్క రకంగా ఉంటాయి కదా.

నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు పది చొప్పున 120 లీటర్లు తాగుతుంది. దానిని పదకొండున్నరకు తేగలిగితే 104 లీటర్లతో సరిపోతుంది. నెలకు దాదాపు పదహారు లీటర్లు, ఏడాదికి నూట తొంభైకి దగ్గర. ఈ ఒకటిన్నర కిలోమీటరు ఎక్కడి నుంచి రావాలన్నదే ప్రశ్న.

1973లో చమురు సంక్షోభం వచ్చి, కొద్ది నెలలలోనే ధర సుమారు నాలుగు రెట్లయినప్పుడు, అమెరికా ప్రభుత్వం మరుసటి ఏడాది దేశమంతటా గంటకు 55 మైళ్ళ వేగపరిమితి విధించింది. అంటే సుమారు 88 కిలోమీటర్లు. వారి బాధ గాలితో. బండి వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడే బలం వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది. యాభైలో ఉన్న అడ్డంకి ఎనభైకి చేరేసరికి రెండున్నర రెట్లు దాటుతుంది. మన దేశంలో 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం కూడా 45 నుంచి 55 కిలోమీటర్ల వేగమే పొదుపైనదని ప్రచారం చేస్తూ వచ్చింది. సలహా మంచిదే. అయితే చౌల్దారీ దారిలో ముప్పై, నలభైలో పోయే బండికి గాలి పెద్ద శత్రువు కాదు. వెనుక తలుపు తెరిచి ఉంచితే గాలి దూసుకుపోయి మైలేజి పెరుగుతుందని కొందరు నమ్ముతారు. నిజానికి తలుపు మూసినప్పుడే తొట్టిలో గాలి సుడి కట్టి, పైగాలిని సాఫీగా దాటిస్తుంది. పైగా ఆ వేగంలో తెరిచినా మూసినా తేడా లెక్కకు రాదు. తలుపు మూసుకుంటే కనీసం కొబ్బరికాయలు దారిలో పడవు.

దీవిలో డీజిలును తినేవి రెండు: ఎత్తు, బ్రేకు.

బండి, సరకు కలిసి రెండున్నర టన్నులనుకుందాం. లీటరు డీజిలులోని శక్తిలో పాత ఇంజను పనిగా మార్చగలిగేది నూటికి ముప్పై వంతులు మాత్రమే. మిగిలినది వేడిగా పోతుంది. ఆ లెక్కన ఈ బరువును నూరు మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కేవలం ఎక్కుడుకే దాదాపు పావు లీటరు ఖర్చవుతుంది. అది తప్పనిసరి ఖర్చు. గుట్టను ఎవరూ తవ్విపోయలేరు. కాని గంటకు యాభై కిలోమీటర్లలో పోతున్న అదే బండిని బ్రేకు తొక్కి పూర్తిగా ఆపి, మళ్ళీ ఆ వేగానికి తేవడానికి ఇరవై మిల్లీలీటర్ల పైచిలుకు కావాలి. నాలుగు టీ చెంచాలు. ఒక్క ప్రయాణంలో పాతికసార్లు ఇలా ఆగితే అర లీటరు బ్రేకు లైనింగుల వేడిగా మారి గాలిలో కలుస్తుంది.

దీనితో పోల్చి చూడవలసినది ఇంకొకటి ఉంది. బండిలో ఊరికే పడి ఉండే ఇనుప సామాను, తడిసిన గోనెలు, అవసరం లేని గొలుసులు తీసివేయమని అందరూ చెప్తారు. తీయవలసిందే. కాని రెండు వందల కిలోల చెత్తను నూరు మీటర్ల ఎత్తుకు మోయడానికి అయ్యేది ఇరవై మిల్లీలీటర్ల లోపే. అంటే, అనవసరంగా తొక్కిన ఒక్క బ్రేకు ఆ చెత్తనంతా గుట్ట ఎక్కించినంత ఖర్చు! తొట్టి శుభ్రం చేసుకుని సంతృప్తి పడే యజమాని, మలుపు దాకా వేగంగా పోయి అక్కడ గట్టిగా బ్రేకు వేసే తన చోదకుణ్ణి గమనించడు. మలుపు కనిపించగానే ముందుగా కాలు తీసివేయడం, ఎదుటి బస్సు ఆగుతుందని దూరం నుంచే గ్రహించడం: ఈ రెండు అలవాట్లకు సమానమైన పనిముట్టు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక దిగుడు దారి. ఇక్కడ ఒక ప్రమాదకరమైన పొదుపు ఉంది. దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదలడం, కొందరైతే ఏకంగా ఇంజను కట్టివేయడం. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి పూర్తిగా కాలు తీసినప్పుడు, చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. డీజిలు పంపులోని గవర్నరు ఇంధనాన్ని దాదాపు నిలిపివేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను తన్ను తాను తిప్పుకోవడానికి తాగుతూనే ఉంటుంది. అంటే గేరు తీసినవాడు దక్కించుకున్నది ఏమీ లేదు. ఇంజను కట్టినవాడు మరీ అవివేకి: బ్రేకులకు తోడ్పడే వాక్యూము కొద్ది తొక్కుళ్ళలోనే అయిపోతుంది. తడిసిన దారిలో, నిండు బరువుతో, లోయ పక్కన ఆ సంగతి తెలియరావడం మంచిది కాదు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట దారి తడవని నెలలు తక్కువ.

ఆ వానే బండికి ఇంకొక విధంగా కూడా చేటు చేస్తుంది. ఉప్పుగాలికీ తేమకూ బ్రేకు భాగాలు తుప్పు పట్టి, కాలు తీసినా పట్టు వదలవు. చోదకుడికి బండి కాస్త బరువుగా ఉన్నట్టు అనిపిస్తుందంతే. అతడు అలవాటుగా ఇంకాస్త తొక్కుతాడు. పరీక్ష సులువు. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపిన తరువాత నాలుగు చక్రాల దగ్గరా అరచేయి తాకించకుండా చేరువగా పెట్టి చూడాలి. ఒక చక్రం మిగిలిన వాటికన్నా వేడిగా ఉంటే అక్కడ డీజిలు కాలుతున్నదన్నమాట. జాకీ పెట్టి చక్రం లేపి చేత్తో తిప్పితే సందేహం తీరిపోతుంది. ఈ ఒక్క లోపం సరిచేసుకున్నందువల్లనే నోటుపుస్తకంలోని అంకె కదిలిన బండ్లు ఉంటాయి.

టైర్ల గాలి గురించి అతిశయోక్తులు ఎక్కువ. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం, టైర్లన్నిటిలో సగటున ఒక పౌండు గాలి తగ్గితే మైలేజి నూటికి 0.2 వంతు మాత్రమే పడిపోతుంది. పది పౌండ్లు తగ్గితే రెండు వంతులు. కొట్టివేయదగినది కాదు, కొంప ముంచేదీ కాదు. కాని బరువు మోసే బండికి గాలి తగ్గిన టైరు లోపల వేడెక్కి త్వరగా చెడుతుంది. కొత్త టైరు ఖరీదు ముందు మిగిలిన డీజిలు ఎంత? వారానికొకసారి, తెల్లవారుజామున బండి కదలక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. ఎండలో నడిచి వచ్చిన టైరులో కొలత ఎక్కువ చూపి మోసగిస్తుంది.

బానెట్ కింద చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఎక్కుడులో నల్లని పొగ వస్తే, పోసిన డీజిలు కాలకుండా పోతున్నదని బండే చెప్తున్నట్టు. ముందుగా గాలి ఫిల్టరు చూడాలి, తరువాత ఇంజెక్టర్లను పరీక్షింపజేయాలి. డీజిలు ఫిల్టరు అడుగున చేరే నీటిని మరచిపోకుండా తీసివేయాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి తేమ నీరై దిగుతుంది గనుక సాయంత్రమే నింపుకోవడం మేలు. టాపెట్ల సందు, ఆయిలు రకం కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే ఉంచితే చాలు. క్లచ్చి మీద కాలు ఆనించి నడిపే దురలవాటు గురించి చెప్పనక్కరలేదు.

ఒక్క విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. వేడి ప్రాంతాలలో ఇంజను కాగిపోతున్నదని కొందరు మెకానిక్కులు థర్మోస్టాటును పీకి పారేస్తారు. రోగం రేడియేటరులో ఉంటే వైద్యం ఇక్కడ. థర్మోస్టాటు లేని ఇంజను చౌల్దారీ నుంచి పట్నం దాకా పోయే చిన్న ప్రయాణంలో సరైన వేడికి రాదు. చల్లని ఇంజను ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పాత బండి కొన్నవారు అది ఉందో లేదో ఒకసారి విప్పించి చూసుకోవడం మంచిది. లేకపోవడమే చాలాచోట్ల కనిపిస్తుంది.

నిలిపిన చోట ఇంజను తిరగడం కూడా అలాంటిదే. ఉత్తరానికి సరకు వేసుకుపోయే బండ్లు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వేచి ఉండాలి. జారవా తెగవారి రక్షిత ప్రాంతం గుండా నిర్ణీత వేళల్లో గుంపుగానే పోనిస్తారు. అక్కడైనా, పట్నంలో సరకు దింపేటప్పుడైనా ఊరికే తిరిగే చిన్న డీజిలు ఇంజను గంటకు అర లీటరుకు అటూఇటూగా తాగుతుంది. రోజుకు ఇరవై నిమిషాలంటే నెలకు నాలుగు లీటర్లు. స్టార్టరు బలహీనంగా ఉండి, ఆపితే మళ్ళీ లేవదేమోనన్న భయంతో ఆపనివారు ఎందరో. అలాంటి బండికి కొత్త బ్యాటరీయే పొదుపు.

అయస్కాంతాలు, మాత్రలు, సీసాలలోని మహత్తర ద్రవాలు అమ్మేవారు దీవులకూ వస్తారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970ల నుంచి ఇటువంటి సాధనాలను నూటికి పైగా పరీక్షించింది. ఏ కొద్దిపాటివో స్వల్ప ప్రయోజనం చూపాయి. మిగిలినవి అదీ చూపలేదు. ఆ డబ్బుతో రెండు ఫిల్టర్లు వస్తాయి.

ఇన్ని చేసినా అంకె కదలని బండి ఉంటుంది. పొగ నీలంగా వస్తూ, ఆయిలు తరచుగా పోయవలసి వస్తూ, నడుస్తున్న ఇంజను ఆయిలు మూత తీస్తే పొగ తన్నుకొస్తుంటే, లోపలి రింగులు అరిగిపోయాయని అర్థం. అప్పుడు నాజూకు నడకలతో ప్రయోజనం లేదు. ఇంజను విప్పించడానికి ఎంతవుతుందో అడిగి, నోటుపుస్తకంలో బండి కొత్తలో ఇచ్చిన అంకెకూ ఇప్పటి అంకెకూ ఉన్న తేడాను ఏడాది లీటర్లుగా మార్చి, ఆ రెండు మొత్తాలను పక్కపక్కన రాసి చూడాలి. రెండేళ్ళలో ఖర్చు తిరిగి వచ్చేటట్టుంటే విప్పించవచ్చు. భాగాలు చెన్నై నుంచి ఓడలో రావాలి గనుక, వాటికి ఆర్డరు పెట్టిన తరువాతనే ఇంజను విప్పడం తెలివి.